కందెన పడకూడని చోటు

నిప్పుల మీద గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి, ఆ పొగలో నన్ను నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను: ఇందులో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుకుని పేజీ తిప్పేస్తారు. పొదిలి సంతలో ఒక ఎద్దు నాతో బేరమాడిందని చెప్పింది నేనే. వినుకొండ కొండ మీద నుంచి జారిన బేరింగు మా గుమ్మం దాకా దొర్లుకుంటూ వచ్చిందని చెప్పిందీ నేనే. అవి కాలక్షేపానికి చెప్పినవి. ఇది ఒక ఆడమనిషి కుడిచేతి వేళ్ళకు సంబంధించిన సంగతి. వేళ్ళ జోలికి వచ్చినప్పుడు నేను ఆచితూచి మాట్లాడతాను.

గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద, పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లు గోడను ఆనుకుని మా రేకుల షెడ్డు ఉంది. తలుపుల మడతబందులు, పొలాల్లో మందు కొట్టే పంపులకు ఇనప పట్టీలు అక్కడ తయారవుతాయి. రేకు కోసే మిషను, వంచే మిషను, ఇనుము చెక్కే ఒక లేతు, వీటన్నిటి మధ్యా పెద్దముత్తైదువలా ఒక పాత పవర్ ప్రెస్సు. వీటి ఆలనాపాలనా నా పని. ఏది అరుస్తోంది, ఏది వదులైంది, ఏది అరవడం మానేసి భయపెడుతోంది, అన్నీ చూసుకోవాలి. మాకు అదనంగా ఇంకో తద్దినం ఉంది. మిల్లు నుంచి ఎగిరొచ్చే దూది నూగు గ్రీజు మీద వాలి అతుక్కుంటుంది. ఒక పత్తి సీజనులో ప్రెస్సుకు గడ్డం మొలిచిందనీ, మంగలిని పిలిపించి గీయించామనీ నేను చాలామందికి చెప్పాను. మంగలి మాట పక్కన పెట్టండి, గడ్డం మాత్రం నిజం.

ప్రెస్సు చూడనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. దాని పక్కన పెద్ద ఇనపచక్రం ఒకటి కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. కాలితో పెడలు తొక్కితే ఆ చక్రం పైనున్న ఇరుసును ఒక్క చుట్టు తిప్పుతుంది. ఆ ఒక్క చుట్టులో బరువైన ఇనపదిమ్మ కిందికి దిగి, రేకును అచ్చులో నొక్కి, మళ్ళీ పైకెళ్ళి ఆగుతుంది. ఆగడంలోనే ఉంది అంతా. ఎందుకంటే అది పైన ఆగి ఉన్నప్పుడే మనిషి చెయ్యి లోపలికి వెళ్ళి, నొక్కిన ముక్క తీసి కొత్త ముక్క పెడుతుంది. దాన్ని అక్కడ పట్టి ఆపేది ఇరుసు రెండో చివరనున్న చిన్న డ్రమ్మూ, దాని చుట్టూ బిగించిన బ్రేకు పట్టా.

రోజూ పొద్దున్నే, కరెంటు వెయ్యకముందు, చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తాను. దిమ్మ జారే దారులను మిల్లు వాళ్ళ పనికిరాని దూదితో తుడిచి పలచటి నూనె రాస్తాను. ఇరుసు మీది నూనె గిన్నెలు నింపుతాను. గ్రీజు గన్నుతో కీళ్ళల్లోకి, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనబడేదాకా కొడతాను. చివరికి బ్రేకు డ్రమ్ము దగ్గరికొచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుస్తాను. ఒంటినిండా కందెన కోరే ఆ మిషనుకు కందెన పడకూడని చోటు అదొక్కటే. అక్కడ నూనె పడితే పట్టా జారిపోతుంది. పైన ఆగాల్సిన దిమ్మ ఆగదు.

ప్రెస్సు మీద కూర్చునేది నాకు వరసకు చెల్లెలయ్యే ఆవిడ. వేటపాలెంలో జీడిపప్పు వలిచి వలిచి వేళ్ళు నల్లబడ్డాయని ఆ పని మానేసి, మా దగ్గరికి వచ్చింది. పెడలు మీద కాలు, అచ్చులో చెయ్యి, నోట్లో మాట, మూడూ ఒకేసారి నడిపించగలదు. మాట మాత్రం ఎక్కువ నన్ను దెప్పడానికే వాడుతుంది.

"అన్నయ్యా, ఇవాళ మిషను ఎలా ఉంది?"

"బాగుంది, కూర్చో."

"బాగుందంటే ఎద్దు బేరమాడినంత బాగుందా, లేక నిజంగానే బాగుందా?"

ఇదీ మా రోజువారీ సుప్రభాతం.

ఆ శనివారం పొద్దున కూడా బాగుంది అనే చెప్పాను. బ్రేకు పట్టా కొత్తది బిగించి ఎన్నో రోజులు కాలేదు. ఆగినప్పుడల్లా కీచుమని అరుస్తోంది తప్ప వేరే జబ్బేమీ లేదు. అంతకుముందు సాయంత్రం డ్రమ్ము తుడిచే వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఆ పొద్దున మళ్ళీ చూడలేదు. ఆవిడ కూర్చుంది, పెడలు తొక్కింది, దిమ్మ దిగి లేచింది. ఆవిడ చెయ్యి ముందుకు చాపింది. సరిగ్గా అప్పుడే మిరపటిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఎత్తిన లారీ ఒకటి షెడ్డు ముందు గేరు మార్చుకుంటూ పోయింది. ఘాటు గుప్పుమంది. ఆవిడకు తుమ్మొచ్చింది. చాపిన చెయ్యి ముక్కు దగ్గరికి వెళ్ళింది. కాలు పెడలు మీద లేదు. అయినా దిమ్మ పైన ఆగకుండా, నిద్రలో నడిచే మనిషిలా మెల్లగా అవతలికి వాలి, దభీమని మళ్ళీ కిందికి పడింది.

నేను పరుగెత్తి మెయిన్ ఆపేశాను. ఆవిడ తన వేళ్ళను ఒక్కొక్కటే ముడిచి తెరిచి చూసుకుంది. తరవాత నన్ను చూసింది.

"బాగుందన్నావుగా!" అంది.

డ్రమ్ము మీది రేకు మూత ఎత్తి చూశాను. పట్టా జిడ్డుగా మెరుస్తోంది. బెదురులో చేసే తప్పే చేశాను. అది ఏ నూనో, ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా, పెట్రోలు గుడ్డతో గబగబా తుడిచి పారేశాను. తుడిచాక గానీ, నేను తుడిచింది సాక్ష్యమని తట్టలేదు. పైగా అందరూ చూస్తుండగా తుడిచాను.

"ఏరా, చెరిపేస్తున్నావా?" అన్నాడు లేతు మీద పనిచేసేవాడు. వాడూ నేనూ ఒక ఈడువాళ్ళం, ఒకే బీడీ కట్ట, ఒకే పేచీ. "రాత్రి చెప్పబోయే కథ ఆలోచిస్తూ బ్రేకు మీద కూడా నూనె పోసుంటావు."

"ఒరేయ్, ఆ డ్రమ్ము దగ్గరికి నూనెడబ్బా తీసుకెళ్ళేవాణ్ణా నేను?"

"ఎద్దుతో బేరమాడినవాడివి, ఏమైనా చేస్తావు."

అక్కడ మొదలైంది నాకు బుద్ధి రావడం. చిన్నప్పటి నుంచీ నేను చెప్పిన అబద్ధాలన్నీ ఆ పూట వరసగా వచ్చి షెడ్డు ముందు నిలబడి, మేమంతా నీవాళ్ళమే అన్నట్టు చూశాయి. నేను ఆ నూనె వెయ్యలేదు. ఒక్కడంటే ఒక్కడు నమ్మితే ఒట్టు.

నేను వెయ్యకపోతే ఇంకెవరో వేశారు. కాబట్టి అనుమానించడం మొదలుపెట్టాను.

మొదటి అనుమానం లేతువాడి మీదే. వాడి బావమరిది ఖాళీగా తిరుగుతున్నాడు, నా పని మీద వాడికి కన్నుంది. లేతువాడు నా వైపు చూసి నవ్వితే ఎందుకు నవ్వాడనిపించేది. నవ్వకపోతే అది ఇంకా ఘోరం. రెండో అనుమానం గ్రీజు అమ్ముకోవడానికి విజయవాడ నుంచి వచ్చే కుర్ర సేల్స్‌మన్ మీద. వాడు శుక్రవారం వచ్చాడు, ప్రెస్సు చుట్టూ తిరిగాడు, "పాత బండి, మార్చెయ్యొచ్చుగా సార్" అన్నాడు. మూడో అనుమానం మా ఓనరు గారి మీదే. ఆయన దేన్నీ పారెయ్యరు. ట్రాక్టరులోంచి తీసిన నల్ల ఆయిలు కూడా డబ్బాలో దాస్తారు. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పడితే అక్కడ పోశారేమో అనుకున్నాను. ఇది పైకి అనలేదు.

ఆయన మాత్రం పైకే అన్నారు. "ఏవయ్యా, నువ్వు ఒప్పేసుకుంటే పోయేదేముంది? పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

"వెయ్యలేదండీ."

"సర్లే. వెయ్యలేదంటే వెయ్యలేదు." అని నూనె అలమరకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు.

ఆ వారమంతా ఎవరి నూనెడబ్బాను వాళ్ళు పసిపిల్లలా చంకన వేసుకుని తిరిగారు. నేను ప్రెస్సు దగ్గరికి వెళ్తే లేతు ఆగేది. నేను దగ్గితే కోసే మిషను ఆగేది. చెల్లెలు పొద్దున్నే, "చేతులు చూపించు అన్నయ్యా" అని బడిపిల్లాడి గోళ్ళు చూసినట్టు చూసేది. టీ పొయ్యి దగ్గర కాగే గిన్నెను కొంగు మడత పెట్టి దింపుకుంటూ కూడా నా మీంచి చూపు తిప్పేది కాదు.

"పట్టకారు ఏమైంది?" అన్నాను మాట కలుపుదామని.

"పోయింది. అది కూడా నీకు తెలియకుండానే పోయిందా?" అంది.

ఆ వారం రోజులూ దిమ్మ చెప్పిన మాట విని పైనే ఆగింది. మళ్ళీ శనివారం వచ్చింది. ఈసారి మళ్ళీ చెరిపేశానంటారని మూత ముట్టుకోకుండా, ఎవర్నీ కూర్చోనివ్వకుండా, అచ్చు ఖాళీగా ఉంచి నేనే పెడలు తొక్కాను. దిమ్మ దిగింది, లేచింది, ఆగినట్టే ఆగి, అవతలికి వాలి ధన్ మంది. మూత ఎత్తాను. జిడ్డు. చక్రం మీద మాత్రం ముందురోజు సాయంత్రం మామ్మగారు పెట్టిన పసుపూ కుంకుమా చల్లగా నవ్వుతున్నాయి. మామ్మగారంటే ఓనరు గారి తల్లి. షెడ్డు వెనకే ఇల్లు. శుక్రవారం పని అయిపోయి మేం వెళ్ళాక వచ్చి, మెయిన్ బోర్డుకూ ప్రెస్సుకూ బొట్లు పెట్టి, అగరొత్తి వెలిగించి వెళ్తారు. ఆవిడ దయ వల్లే మా వేళ్ళు మిగిలాయని ఆ పూట నేను ప్రెస్సుకు దణ్ణం కూడా పెట్టుకున్నాను.

చెల్లెలు లేచి నిలబడింది. "ఇంక నేను దీని మీద కూర్చోను. ఎవరు పోశారో తేలాలి. నీ కథలకు నా వేళ్ళు కావాలా అన్నయ్యా? ఈ చేత్తో నేను అన్నం కలుపుకోవాలి, పిల్ల జడ వెయ్యాలి."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఏదైనా చెయ్యాలి. నాకు తెలిసిన వాటిలో గుంటూరు మనిషి చెయ్యదగ్గది ఒకటే కనబడింది.

మళ్ళీ శుక్రవారం సాయంత్రం, అందరూ కాళ్ళూ చేతులూ కడుక్కునేటప్పుడు, మంచి ఘాటైన కారప్పొడి పొట్లం ఒకటి విప్పి, డ్రమ్ము మూత మీదా దాని అంచుల కిందా పలచగా చల్లాను. మూత ఎత్తినవాడి చేతికి అంటుతుంది. చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు కంటికి వెళ్తుంది. శనివారం పొద్దున ఎర్రకళ్ళతో వచ్చినవాడే దొంగ. ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఇంటిదాకా మురిసిపోతూ వెళ్ళాను.

తెల్లారి అందర్నీ ప్రెస్సు చుట్టూ నిలబెట్టాను. ఓనరు గారు కూడా వచ్చారు. ఉపన్యాసం మొదలుపెట్టాను. "ఇవాళ ఇక్కడ ఎవరి కళ్ళు ఎర్రగా ఉన్నాయో, ఎవరి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయో, వాళ్ళే ఈ పని చేశారు. దేవుడి ముందైనా ఇదే మాట."

ఒక్కొక్కరి కళ్ళల్లోకీ చూశాను. లేతువాడి కళ్ళు మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. చెల్లెలి కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఓనరు గారు కళ్ళజోడు తీసి మరీ చూపించారు. సరే, అసలు నూనె పడిందో లేదో చూద్దామని మూత ఎత్తి వేలు పెట్టి చూశాను. పడింది. ఎండాకాలం, నుదుటి మీంచి చెమట కంట్లోకి దిగుతోంది. మోచేత్తో తుడుచుకోవాల్సింది. అరిచేత్తో తుడుచుకున్నాను.

తరవాత కాసేపు నాకు ఏమీ కనబడలేదు. వినబడింది మాత్రం.

"దొరికాడ్రా దొంగ!" లేతువాడి గొంతు. "కళ్ళు చూడండి, పండుమిరపకాయల్లా ఉన్నాయి!"

"దేవుడి ముందైనా ఇదే మాట అన్నావు కదయ్యా?" ఓనరు గారు.

"కారం! కారం రా!" అని నేను గెంతుతున్నాను. ఎవరో నవ్వుతున్నారు. ఎవరో నవ్వడం లేదు. నవ్వనిది చెల్లెలని చూడకపోయినా తెలుస్తోంది.

ఆ గోలకి వెనక ఇంట్లోంచి మామ్మగారు గిన్నెతో పచ్చిపాలు పట్టుకుని వచ్చారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, కొంగు అంచు పాలల్లో ముంచి కళ్ళు అద్దుతున్నారు. ఆ చెయ్యి నా ముక్కు మీదుగా వెళ్ళినప్పుడు ఆముదం వాసన వచ్చింది. చిక్కటి, పాత ఇళ్ళ వాసన. చూపు పోయినవాడికి ముక్కు పని చేస్తుందంటారు. నా వేలికి అంటిన డ్రమ్ము జిడ్డును ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కారం వెనక అదే వాసన.

నేను నోరు తెరవకముందే మామ్మగారే అడిగారు, ఎంతో ఆపేక్షగా. "ఏం నాయనా, ఆ పిల్ల అరుపు తగ్గిందా?"

"ఏ పిల్ల మామ్మగారూ?"

"అదే, నీ మిషను. కొత్తగా కీచుమని ఒకటే ఏడుపు. పగలంతా ఇంట్లోకి వినబడుతుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది. మా ఇంట్లో బండిచక్రం అరిచిందంటే మా మామగారు అన్నం ముట్టేవారు కాదు. కందెన లేని బండి తోలుకుంటూ ఊళ్ళోకి వస్తే ఎంత అప్రదిష్ట! అందుకని శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టేటప్పుడు దానికి కాస్త తలంటుతున్నాను. పుల్లకి గుడ్డ చుట్టి, ఆముదంలో ముంచి, ఆ రేకు టోపీ కిందినుంచి దాని నెత్తికి రాస్తున్నా. ఆడపిల్లకి శుక్రవారం తలంటకపోతే ఎట్లా?"

లేతువాడు బీడీ వెలిగించబోయి మానేశాడు. ఓనరు గారు నేల చూపులు చూస్తున్నారు. పుల్లతో రాశారు కాబట్టి కారం ఆవిడ చేతికి అంటలేదు, ఆవిడ కళ్ళు మండలేదు. ఆ ఒక్క సంగతికీ ఎవరికి మొక్కాలో ఆ దేవుడికి నేను మనసులోనే మొక్కుకున్నాను.

మా ముఖాలు చూసి మామ్మగారికి ఏదో తేడా తెలిసింది. పాలగిన్నె కింద పెట్టారు. "ఏమైంది? తప్పు చేశానా? ఎవరికన్నా దెబ్బ తగిలిందా?"

అందరం చెల్లెలి వైపు చూశాం. తగిలితే తగలాల్సింది ఆవిడకు. చెప్పే హక్కూ ఆవిడదే. ఆవిడ కుడిచెయ్యి పమిట చాటుకు పోయింది.

"ఎవరికీ ఏం కాలేదు మామ్మగారూ," అంది. "కాకపోతే దానికి రొంప పట్టింది. నెత్తిన నూనె పడట్లేదు. కొందరు పిల్లలకి పడదు చూడండి, అట్లా."

"అయ్యో, ముందే చెప్పొద్దూ!"

"మాకూ ఇప్పుడే తెలిసింది. ఇంక దానికి బొట్టొక్కటే పెట్టండి, చాలు. తలంటు కావాలంటే మన గేటుకు చెయ్యండి. దాని చక్రాలు ఎప్పణ్ణుంచో ఏడుస్తున్నాయి, పట్టించుకునేవాడు లేడు."

చివరి మాట నా కోసం. అయినా మండే కళ్ళతోనే నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. అబద్ధమంటే గిట్టని మనిషి, నా కళ్ళ ముందు, గుక్క తిప్పుకోకుండా, అచ్చం నా బాణీలో కథ అల్లింది. మామ్మగారు ప్రెస్సును నిమిరి, "రొంప తగ్గాక చెప్పండమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ రోజే ఓనరు గారు ఎప్పుడో తీసి మూల పడేసిన ఇనపజాలీని తెప్పించారు. అది అచ్చుకు అడ్డంగా దిగితే గానీ ఇప్పుడు పెడలు పనిచెయ్యదు. పని నిదానమైంది, ఆయన గొణుగుతారు, అయినా తీయించరు. బ్రేకు పట్టా మార్చాం, కీచు పోయింది. శుక్రవారాలు గేటుకు తలంటు జరుగుతోంది. అంత పెద్ద గేటు, ఇప్పుడు వేలితో తోస్తే పోతుంది.

ఇక మొదట్లో చేసిన ప్రమాణం సంగతి. మిరపపొగలో నిలబెట్టే ముందే చెప్పేస్తాను. ఇందులో ఒకటి కల్పించాను. కారం కాదు, అది ఇప్పటికీ మండుతోంది. ఆముదమూ కాదు. తుమ్ము.

ఆ శనివారం ఆవిడ తుమ్మలేదు. లారీ పోయిన మాట నిజమే, అవి రోజంతా పోతూనే ఉంటాయి. ఆవిడ చెయ్యి అచ్చు దగ్గరికి వెళ్ళనే లేదు. అచ్చులోకి వెళ్ళింది పట్టకారు. వంటింట్లో వేడిగిన్నెలు దింపుకునే పట్టకారు. నేను బాగుందన్న ప్రతి పొద్దునా ఆవిడ దాన్ని టిఫిను సంచిలోంచి తీసి, కాసేపు దాంతోనే ముక్కలు పెట్టి, మిషను మాట నిలబెట్టుకుంటోందని నమ్మకం కుదిరాక గానీ చెయ్యి పెట్టేది కాదట. నేను ఎప్పుడూ గమనించలేదు. ఆ రోజు దిమ్మ కింద పడి అప్పడంలా నలిగింది అదే; గొడవంతా తేలాక గానీ ఆవిడ దాన్ని నాకు చూపించలేదు. ఎందుకు తెచ్చుకున్నావని అడిగితే చెప్పింది: "నువ్వు బాగుందన్నావుగా అన్నయ్యా, అందుకని."

ఆ మాట రాయడం కంటే తుమ్ము రాయడం నాకు తేలికైంది.

మిగిలిపోయిన రేకుతో అదే ప్రెస్సు మీద కొత్త పట్టకారు ఒకటి నేనే నొక్కి, రివెట్టు కొట్టి ఇచ్చాను. గట్టిగా ఉంటుంది, బాగుంది అన్నాను. ఆవిడ దాన్ని గోడకేసి రెండుసార్లు కొట్టి చూసుకుని, అప్పుడు సంచిలో వేసుకుంది.